లారీ ప్రమాదంలో గాయపడినవారికి న్యాయ సహాయం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఇచ్ఛాపురం దగ్గర రాష్ట్రంలోకి ప్రవేశించే 16వ నంబరు జాతీయ రహదారి పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, రణస్థలం, భోగాపురం మీదుగా విశాఖ వైపు సాగుతుంది. విజయనగరం నుంచి గజపతినగరం, సాలూరు మీదుగా ఒడిశా ఘాట్ ఎక్కే 26వ నంబరు రహదారి మీదా రాత్రింబవళ్లు లారీలే. ఈ దారుల మీద లారీ తగిలి కాలో చేయో విరిగినవారు, వారి ఇంటివారు కోర్టు ఆవరణలో మమ్మల్ని పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం. వీటిలో చాలా ప్రశ్నలు మా దగ్గరకు ఆలస్యంగా వస్తాయి. పరిహారం కేసు బలమంతా మొదటి పది పదిహేను రోజుల్లో తయారయ్యే కాగితాల మీద ఆధారపడి ఉంటుంది కనుక, అవసరమైనవారు ఆసుపత్రి మంచం దగ్గర కూర్చునే దీన్ని చదివితే మేలు.

ప్రమాదం జరిగిన వెంటనే ఏం చేయాలి?

ముందు ప్రాణం చూసుకోవాలి. అంబులెన్సుకు 108, పోలీసులకు 112, జాతీయ రహదారి గస్తీ సిబ్బందికి 1033 నంబర్లకు ఫోన్ చేయండి. గాయపడిన వ్యక్తిని ఆసుపత్రికి చేర్చిన బాటసారిని పోలీసులు గానీ వైద్యులు గానీ వేధించకుండా మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది; తన పేరు చెప్పడం, చెప్పకపోవడం ఆయన ఇష్టం.

కాస్త నిలకడగా ఉన్నవారు ఒకరు అక్కడే ఉండి లారీ నంబరు కనబడేలా ముందు నుంచీ వెనుక నుంచీ ఫొటోలు తీయాలి. ట్రైలర్ లారీ అయితే ముందున్న ఇంజను బండికి ఒక నంబరు, వెనుక ట్రైలర్‌కు మరో నంబరు, రెండింటికీ వేర్వేరు బీమా పాలసీలు ఉండే అవకాశం ఉంది కాబట్టి రెండూ ఫొటోలో పడాలి. టైర్ల జారుడు గుర్తులు, పగిలిన గాజు పెంకులు ఎక్కడ పడ్డాయో, లారీ రోడ్డుకు ఏ వైపున ఆగిందో తెలిసే ఫొటో ఒక్కటి ఉన్నా విచారణలో ఎంతో ఉపకరిస్తుంది.

ఆసుపత్రిలో చెప్పే మాటకు అంత ప్రాముఖ్యం ఎందుకు?

ఈ పేజీలో అన్నింటికన్నా జాగ్రత్తగా చదవవలసిన జవాబు ఇదే. గాయపడినవారు వచ్చినప్పుడు ఆసుపత్రిలో యాక్సిడెంట్ రిజిస్టరులో ఎలా దెబ్బ తగిలిందో రెండు ముక్కల్లో రాసుకుంటారు. తోడు వచ్చిన బంధువు కంగారులో ఉంటాడు. కేసు అవుతుందేమో, వైద్యం ఆలస్యం చేస్తారేమో అన్న భయంతో ‘బండి మీద నుంచి పడిపోనాడు బాబూ’ అనేస్తాడు. రిజిస్టరులో ‘తానే జారి పడ్డాడు’ అని పడుతుంది. నాలుగు రోజుల తర్వాత లారీ నంబరుతో ఫిర్యాదు చేస్తారు. ఏడాది గడిచాక బీమా కంపెనీ తరఫు న్యాయవాది ఆ రిజిస్టరు పేజీని తెప్పించి, అసలు లారీయే తగల్లేదని, పాలసీ ఉన్న బండిని చూసుకుని తర్వాత ఇరికించారని వాదిస్తారు. నిజంగా లారీ తగిలిన మనిషి కేసు ఆ ఒక్క వాక్యం దగ్గర చిక్కుబడిపోవడం మేము ఒకటికి నాలుగు సార్లు చూశాం.

అందుకని ఏ వాహనం, ఏ వైపు నుంచి, ఏ ఊరి దగ్గర తగిలిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. లారీ నంబరు తెలియకపోతే ‘నంబరు తెలియని లారీ’ అని రాయించండి. మొదట చేరిన ప్రాంతీయ ఆసుపత్రి నుంచి శ్రీకాకుళం రిమ్స్‌కో విశాఖ కేజీహెచ్‌కో పంపినప్పుడు, పంపిన చీటీ మీదా అదే వివరం ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

చికిత్సకు డబ్బు లేకపోతే?

కేంద్ర ప్రభుత్వం 2025 మేలో నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం కింద, రోడ్డు ప్రమాదంలో గాయపడిన ఎవరికైనా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, 1,50,000 రూపాయల దాకా చికిత్స అందుతుంది. తప్పు ఎవరిదన్న విచారణతో దీనికి సంబంధం లేదు. ఆ పైన పడే చికిత్సకు రాష్ట్ర ప్రభుత్వ వైద్యసేవ పథకం వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. సొంతంగా పెట్టిన ఖర్చుకు మందుల చీటీలు, బిల్లులు, అద్దెకు కట్టిన కారు రశీదులు సహా అన్నీ ఒక సంచిలో భద్రపరచండి. మందుల దుకాణం బిల్లు మీద రోగి పేరు లేకపోతే అది లెక్కలోకి రావడం కష్టం.

పోలీసు ఫిర్యాదు ఆలస్యమైతే కేసు పోయినట్టేనా?

కాదు. చికిత్స హడావుడిలో ఫిర్యాదు ఆలస్యమైందన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమును తోసిపుచ్చకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. అయితే ఆలస్యానికి కారణాన్ని ఫిర్యాదులోనే రాయాలి. పరిధి వేరే స్టేషనుదని చెప్పి పంపేస్తే, ఏ స్టేషనులోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయించుకునే హక్కు భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ కింద మీకు ఉంది.

2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న నియమాల ప్రకారం దర్యాప్తు అధికారి మొదటి ప్రమాద నివేదికను 48 గంటల్లోనూ, వివరమైన నివేదికను 90 రోజుల్లోనూ ట్రిబ్యునల్‌కు, బీమా కంపెనీకి పంపాలి. బాధితుని హక్కులు వివరించే పత్రాన్ని 10 రోజుల్లో ఇవ్వాలి. ఆ పత్రం మీ చేతికి రాకపోతే అడిగి తీసుకోండి. ఎఫ్ఐఆర్, పంచనామా, రఫ్ స్కెచ్, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ నివేదిక, వూండ్ సర్టిఫికెట్, ఛార్జిషీటు నకళ్లు మీ న్యాయవాదికి కావాలి.

లారీ ఆగకుండా వెళ్లిపోయింది. నంబరు కనిపెట్టే మార్గం ఉందా?

చాలాసార్లు ఉంటుంది. జాతీయ రహదారి మీద లారీ ఎక్కడో ఒకచోట టోల్ గేటు దాటాలి. నరసన్నపేట దగ్గరి మడపాం గేటు, విజయనగరం జిల్లాలోని నాతవలస గేటు దాటిన ప్రతి బండి సమయమూ ఫాస్టాగ్ లెక్కల్లో నమోదవుతుంది. కెమెరా దృశ్యాలు కొంతకాలం తర్వాత వాటంతట అవే చెరిగిపోతాయి కాబట్టి, వాటిని సేకరించమని మొదటి రెండు మూడు రోజుల్లోనే దర్యాప్తు అధికారికి లిఖితపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. దారిలోని పెట్రోలు బంకులు, దాబాల కెమెరాలకూ ఇదే వర్తిస్తుంది.

ఎంత వెతికినా వాహనం దొరకకపోతే 2022 నాటి హిట్ అండ్ రన్ పథకం కింద మరణానికి 2,00,000, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు వస్తాయి. దరఖాస్తును ప్రమాదం జరిగిన ప్రాంతపు రెవెన్యూ డివిజన్ కార్యాలయంలో ఇవ్వాలి. మంజూరు చేసేది జిల్లా కలెక్టరు. విరిగిన తొడ ఎముకకు ఈ 50,000 ఏ మూలకూ చాలదు. అందుకే నంబరు వెతికే ప్రయత్నం మానవద్దని చెబుతున్నాం.

పరిహారం కేసు ఎక్కడ వేయాలి, ఎప్పటిలోగా వేయాలి?

మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో వేయాలి. మన జిల్లా కోర్టుల్లో జిల్లా న్యాయమూర్తి, అదనపు జిల్లా న్యాయమూర్తులే ఈ ట్రిబ్యునల్‌గా కూర్చుంటారు. కోర్టు భాషలో ఈ కేసును ఎంవీఓపీ అంటారు. ప్రమాదం జరిగిన చోట గానీ, మీరు నివసించే లేదా వ్యాపారం చేసే చోట గానీ, ప్రతివాది ఉండే చోట గానీ దాఖలు చేయడానికి మోటారు వాహనాల చట్టంలోని 166వ సెక్షన్ వీలు కల్పిస్తోంది.

వలస వెళ్లిన కుటుంబాలకు ఈ వెసులుబాటు ఎంత విలువైనదో చాలామందికి తెలియదు. మన జిల్లాల నుంచి గుజరాత్ రేవులకు వేటకు వెళ్లినవారు, చెన్నైలో, హైదరాబాద్‌లో నిర్మాణ పనులకు వెళ్లినవారు అక్కడ లారీ కింద పడితే, మంచం పట్టి ఇంటికి వచ్చాక వాయిదాలకు అంత దూరం తిరగనక్కర్లేదు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో వేసుకోవచ్చు. అక్కడి పోలీసు కాగితాలు మాత్రం వచ్చేటప్పుడే వెంట తెచ్చుకోవాలి.

గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలలు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ నిబంధన అమలులోకి వచ్చింది. దీని చెల్లుబాటును ప్రశ్నిస్తూ వ్యాజ్యాలు సుప్రీంకోర్టుకు చేరాయి. గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లను కొట్టివేయవద్దని 2025 నవంబరులో ఆ కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మధ్యంతర ఉత్తర్వును నమ్ముకుని కూర్చోవడం తెలివైన పని కాదు. ఆరు నెలల లోపే వేయండి.

డబ్బు ఎవరు కడతారు? లారీ యజమాని బీదవాడినంటున్నాడు.

డ్రైవరు, యజమాని, బీమా కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేరుస్తాం. థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదు కాబట్టి సాధారణంగా కట్టేది కంపెనీయే. డ్రైవరుకు సరైన లైసెన్సు లేదనో, పాలసీ షరతు తప్పారనో కంపెనీ వాదించినా, ముందు బాధితునికి చెల్లించి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమని ట్రిబ్యునల్ ఆదేశించవచ్చు. చిన్న లారీల విషయంలో ఈ లైసెన్సు పేచీ కొంత తీరింది: 7,500 కిలోల లోపు బరువున్న రవాణా వాహనాన్ని తేలికపాటి వాహన లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది.

ప్రమాదం నాటికి పాలసీయే లేకపోతే భారం యజమానిదే. ‘ఆ బండి ఎప్పుడో అమ్మేశాను’ అన్న జవాబు కూడా వింటుంటాం. ఆర్‌సీలో ఎవరి పేరుంటే వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

పరిహారాన్ని ఎలా లెక్కకడతారు?

రణస్థలం వైపు ఒక తాపీ మేస్త్రీ ఉన్నాడనుకుందాం. వయసు 32, నెలకు 12,000 రూపాయల సంపాదన. లారీ తగిలి కుడి మణికట్టు నుజ్జయింది. శరీరం మొత్తానికి 30 శాతం వైకల్యమని వైద్యుడు చెప్పాడు. సొంత పని చేసుకునే, 40 ఏళ్ల లోపు వారికి భవిష్యత్తులో పెరగబోయే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు కాబట్టి నెలకు 16,800, ఏడాదికి 2,01,600 రూపాయలు అవుతుంది. 2009 నాటి సరళా వర్మ తీర్పులోని పట్టిక ప్రకారం 31 నుంచి 35 ఏళ్లవారికి గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని హెచ్చవేసే సంఖ్య, 16. అంటే 32,25,600. అందులో 30 శాతం 9,67,680 రూపాయలు.

ఇక్కడే అసలు వాదన మొదలవుతుంది. మణికట్టు తిరగని మేస్త్రీ తాపీ పట్టి గోడకు గిలాబు ఎలా చేస్తాడు? బొచ్చె ఎత్తలేడు, పరంజా పట్టుకుని ఎక్కలేడు. వైద్యుడు చెప్పిన శాతం వేరు, ఆ వైకల్యం వల్ల సంపాదన తగ్గిన శాతం వేరని 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. ఈ మేస్త్రీ పని సామర్థ్యం 60 శాతం పోయిందని ట్రిబ్యునల్ నమ్మితే అదే లెక్క 19,35,360 రూపాయలకు చేరుతుంది. ఆ నమ్మకం కలగాలంటే ఆయన పనిచేసిన కాంట్రాక్టరో, తోటి మేస్త్రీయో వచ్చి సాక్ష్యం చెప్పాలి. ఎముకల వైద్యుడు బోనెక్కి చెప్పాలి. వైద్యుణ్ణి పిలిపించకుండా సర్టిఫికెట్ ఒక్కటి జతచేసి ఊరుకున్న కేసుల్లో పరిహారం బాగా తగ్గిపోవడం చూశాం.

పింఛను కోసం తీసుకున్న సదరం పత్రం పనికొస్తుందా అని అడుగుతారు. దాఖలు చేయవచ్చు. కానీ ఆ శాతం ఒక చేతికి మాత్రమే లెక్కకట్టినదా, శరీరం మొత్తానికా అన్నది చూడాలి. చేతికి 45 అంటే శరీరం మొత్తానికి 45 కాదు.

దీనికి తోడు వైద్యం ఖర్చు, ఇకపై చేయవలసిన శస్త్రచికిత్స, పని లేని నెలల ఆదాయం, సహాయకుడి ఖర్చు, నొప్పి, బాధ, జీవితంలో కోల్పోయిన సుఖం వేర్వేరు పద్దులుగా వస్తాయి. మనిషి బతికి ఉన్నాడు కాబట్టి, మరణం కేసుల్లో లాగా సొంత ఖర్చు కింద మూడో వంతో నాలుగో వంతో తగ్గించే పద్ధతి ఇక్కడ లేదు.

జీతం చీటీ లేని కూలీకి, ఇంటి పని చేసే మహిళకు ఆదాయం ఎలా చూపాలి?

పలాస జీడి బట్టీల్లో పనిచేసే మహిళకు జీతం చీటీ ఎక్కడ ఉంటుంది? కాగితం లేదని ఆదాయమే లేదనడానికి వీల్లేదు. కనీస వేతనాలు ఒక కొలబద్ద, అదొక్కటే కొలబద్ద కాదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాంకు ఖాతాలో కూలి జమలు, డ్వాక్రా సంఘం పొదుపు పుస్తకం, మేస్త్రీ సాక్ష్యం పనికొస్తాయి. ఇంటి పనికీ విలువ కట్టాలన్నది ఇప్పుడు స్థిరపడిన న్యాయం.

రాత్రి చీకట్లో ఆగి ఉన్న లారీని మా అబ్బాయి గుద్దాడు. పోలీసులు అతని మీదే కేసు రాశారు.

ఇలాంటివి ఇక్కడ చాలా జరుగుతాయి. చెడిపోయిన లారీని రోడ్డు మీదే వదిలి, వెనుక నాలుగు రాళ్లు పేర్చి, ఒక చెట్టు కొమ్మ పడేసి డ్రైవరు టీ తాగడానికి వెళ్తాడు. వెనుక లైట్లు వెలగవు, రిఫ్లెక్టరు టేపు బురద పట్టి ఉంటుంది. ఇతరులకు ప్రమాదం కలిగేలా బండిని వదిలివేయడాన్ని 122వ సెక్షన్ నిషేధిస్తోంది. ఎఫ్ఐఆర్‌లో రాసిందే తుది మాట కాదు. ట్రిబ్యునల్ తనంతట తాను సాక్ష్యం చూసి, ఎవరి పాలు ఎంతో తేలుస్తుంది. క్రిమినల్ కేసులో కావలసినంత గట్టి రుజువు ఇక్కడ అక్కర్లేదు, ఏది ఎక్కువ సంభావ్యమో చూస్తారు. డ్రైవరు క్రిమినల్ కోర్టులో నిర్దోషిగా బయటపడినా మీ పిటిషను దానంతట అది పోదు.

మీ అబ్బాయి తప్పు కొంత ఉందని తేలితే ఆ మేరకు పరిహారం తగ్గుతుంది. బండి మీద ముగ్గురు వెళ్లారన్నంత మాత్రాన, అదే ప్రమాదానికి కారణమని రుజువు కాకుండా తగ్గించకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

నిర్లక్ష్యం రుజువు చేయడం నిజంగా కష్టమనిపిస్తే 164వ సెక్షన్ ఉంది. తప్పు ఎవరిదో నిరూపించనక్కర్లేకుండా తీవ్ర గాయానికి 2,50,000, మరణానికి 5,00,000 రూపాయలు వస్తాయి. అయితే అది తీసుకున్నవారికి 166 కింద మళ్లీ అడిగే అవకాశం పోతుంది. శాశ్వత వైకల్యం ఉన్న యువకుడికి మేము సాధారణంగా ఈ దారి సూచించం.

షేర్ ఆటోలో వెళ్తుండగా లారీ, ఆటో గుద్దుకున్నాయి. ఎవరి మీద వేయాలి?

ప్రయాణికుడి తప్పేమీ లేదు కనుక ఇద్దరి మీదా వేయవచ్చు, ఎవరో ఒకరి దగ్గరే పూర్తి మొత్తం రాబట్టుకోవచ్చు. వారి వాటాలు వారు తేల్చుకుంటారు.

మేము లారీ మీదే ఎక్కి వెళ్తున్నాం. మాకు పరిహారం వస్తుందా?

సరుకు యజమాని గానీ ఆయన ప్రతినిధి గానీ సరుకుతో పాటు వెళ్తే బీమా వర్తిస్తుంది. ఉద్దానం నుంచి కొబ్బరికాయల లోడుతో క్యాబిన్‌లో కూర్చుని వెళ్లిన వ్యాపారి ఈ కోవలోకి వస్తాడు. సరుకు బిల్లు చూపాలి. పెళ్లికని, తీర్థానికని సరుకుల వ్యాను ఎక్కినవారికి కంపెనీ బాధ్యత ఉండదన్నది స్థిరపడిన తీర్పు. కొన్ని కేసుల్లో ముందు చెల్లించి యజమాని దగ్గర రాబట్టుకోమన్న ఆదేశాలు వచ్చాయి గానీ, అది హక్కుగా వచ్చేది కాదు.

గాయపడింది లారీ డ్రైవరో క్లీనరో అయితే?

సాలూరు లారీల మీద బతికే కుటుంబాలు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఉద్యోగంలో ఉండగా దెబ్బ తగిలితే, తప్పు తనదే అయినా, యజమాని నుంచి కార్మిక పరిహారం కోరే హక్కు డ్రైవరుకు ఉంది. ఎదుటి బండిది తప్పయితే ట్రిబ్యునల్‌కూ వెళ్లవచ్చు. 167వ సెక్షన్ ప్రకారం రెండింటిలో ఒక్కటే ఎంచుకోవాలి, కాబట్టి ఏ దారిలో ఎంత వస్తుందో ముందే లెక్కవేయించుకోండి.

ఊరి పెద్దమనుషులు రాజీ అంటున్నారు. ఒప్పుకోవాలా?

లారీ యజమాని మనిషి ఆసుపత్రికి వచ్చి 30,000 రూపాయలు చేతిలో పెట్టి, ‘కేసు లేదు’ అని తెల్లకాగితం మీద సంతకం అడుగుతాడు. పరిహారం కట్టబోయేది బీమా కంపెనీ అయినప్పుడు, యజమాని జేబులో ఎంత ఉందన్న దాన్ని బట్టి మీ కాలి ఖరీదు నిర్ణయించుకోవడంలో అర్థం లేదు. వైద్యం సాయంగా ఇస్తే తీసుకోండి, తీసుకున్నంత రాసి ఇవ్వండి, ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.

రాజీ పడదలిస్తే లోక్ అదాలత్‌లో పడండి. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, డబ్బు త్వరగా వస్తుంది. దాని మీద అప్పీలు ఉండదు కనుక, వైకల్యం శాతం తేలక ముందు, ఇంకో ఆపరేషను మిగిలి ఉండగా తొందరపడవద్దు.

న్యాయవాది ఫీజు భరించలేం. ఏం చేయాలి?

మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఇతరులు ఆదాయ పరిమితికి లోబడి ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు.

వార్డు బయట తిరిగే దళారుల సంగతి కూడా చెప్పాలి. ‘పైసా ఖర్చు లేదు, వచ్చినదాంట్లో సగం’ అంటూ ఖాళీ వకాల్తా మీద సంతకం పెట్టించుకుంటారు. ఫలితంలో వాటా అడగడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. పరిహారం జమయ్యే బ్యాంకు పాసుపుస్తకం, ఏటీఎం కార్డు, సంతకం చేసిన చెక్కులు ఎవరి చేతికీ ఇవ్వకండి.

తీర్పు వచ్చాక డబ్బు ఎప్పుడు వస్తుంది?

30 రోజుల్లో జమ చేయాలని చట్టం. పిటిషను వేసిన తేదీ నుంచి వడ్డీ కలుస్తుంది. మొత్తంలో కొంత భాగాన్ని ట్రిబ్యునల్ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచమనవచ్చు. చికిత్సకు అవసరమైతే ముందుగా తీసుకోవడానికి అర్జీ పెట్టుకోవచ్చు. పరిహారం తక్కువనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేయవచ్చు. వివాదంలో ఉన్న మొత్తం లక్ష రూపాయల లోపైతే అప్పీలు ఉండదు.

కేసు నడుస్తుండగా గాయపడిన మనిషి చనిపోతే?

చావుకు ఆ గాయమే కారణం కాకపోయినా, పరిహారం అడిగే హక్కు వారసులకు సంక్రమిస్తుందని చట్టం ఇప్పుడు స్పష్టంగా చెబుతోంది. మరణ ధ్రువపత్రంతో, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల పత్రంతో ఆలస్యం చేయకుండా న్యాయవాదిని కలిసి, వారసులను పిటిషనులో చేర్పించాలి. గాయం వల్లనే మరణించారని అనుమానం ఉంటే, అంత్యక్రియలకు ముందే పోలీసులకు తెలియజేసి పోస్ట్‌మార్టం చేయించండి. ఆ నివేదిక లేకపోతే గాయానికీ మరణానికీ ఉన్న సంబంధాన్ని తర్వాత రుజువు చేయడం చాలా కష్టం.